డైట్ తొలి వారాల్లో వ్యాయామం ఎంత?

రంజాన్ ముగిసి, షీర్ ఖుర్మా, దావత్‌ల సందడి కూడా సద్దుమణిగాక మన వాళ్లలో చాలామందికి తమ బరువు సంగతి గుర్తొస్తుంది. ఆ వారమే డైట్ మొదలవుతుంది, ఆ వారమే జిమ్‌లో పేరు నమోదవుతుంది. అన్నం, రొట్టె, చక్కెర ఒక్క రోజులో బంద్. ఫజర్ నమాజు కాగానే గంటసేపు పరుగు, సాయంత్రం మళ్లీ ట్రెడ్‌మిల్. పట్టుదల మెచ్చుకోదగ్గదే. కానీ మీ వంటి దాతల సహకారంతో నడిచే ఉచిత వైద్య శిబిరాల్లో మేము చూస్తున్నది వేరు. ఈ రెండింటినీ ఒకే రోజున పూర్తి స్థాయిలో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండో వారం దాటరు. తల తిరుగుతోందని, పిక్కలు పట్టేస్తున్నాయని, గుండె దడగా ఉందని వస్తారు. మరికొందరు శిబిరానికి కూడా రారు. "ఇది మా వల్ల అయ్యే పని కాదు" అనుకుని నేరుగా బిర్యానీ దగ్గరికి వెళ్లిపోతారు.

వాళ్లకు పట్టుదల తక్కువై కాదు. ఆ రోజుల్లో ఒంట్లో జరిగే మార్పు ఏమిటో ఎవరూ చెప్పకపోవడం వల్ల. ఆ సంగతే ఇక్కడ కాస్త వివరంగా చెప్పదలిచాము.

డైట్‌ల పేర్లు వేరైనా చాలావాటిలో మొదటి దశ కఠినంగానే ఉంటుంది. అమెరికా వైద్యుడు రాబర్ట్ ఆట్కిన్స్ 1972లో ఒక పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, ఇప్పుడు అందరికీ తెలిసిన రూపంలో, తొలి రెండు వారాలు పిండిపదార్థం రోజుకు సుమారు 20 గ్రాములు మించకూడదంటుంది. ఒక మామూలు పుల్కాలోనే 15 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి అది ఎంత కఠినమో ఊహించుకోవచ్చు. కొన్నేళ్ల కిందట మన తెలుగు రాష్ట్రాల్లో కొబ్బరినూనె, నిమ్మరసం, సూపులతో సాగే పద్ధతి ఊరూరా పాకింది. దానిలోనూ తొలి దశ అన్నం ముట్టనిదే. రోజంతా పొడి కలిపిన షేకులతో 800 క్యాలరీల దగ్గర నడిపించే పద్ధతులూ ఉన్నాయి. ఏది మంచిది, ఏది కాదు అన్న చర్చ ఇక్కడ పెట్టుకోవడం లేదు. ఏ దారిలో వెళ్లినా తొలి రెండు మూడు వారాలు ఒళ్లు ఒకే రకమైన ఇబ్బంది పడుతుంది.

గల్లాలో చిల్లర, కాగితాల మీద ఆస్తి

వ్యాపారం చేసేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. మన ఒంట్లో శక్తి రెండు చోట్ల నిల్వ ఉంటుంది. ఒకటి గ్లైకోజెన్. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు ఉండే పిండిపదార్థపు నిల్వ ఇది. గల్లాపెట్టెలో డబ్బు లాంటిది, చెయ్యి పెడితే వస్తుంది. రెండోది కొవ్వు. అది కిలోలకు కిలోలు ఉంటుంది కానీ ప్లాటు మీద పెట్టిన డబ్బు లాంటిది. విలువ ఎక్కువే, అమ్మి నగదు చేసుకోవడానికే సమయం పడుతుంది.

అన్నం, రొట్టె మానేసిన రెండు మూడు రోజుల్లో గల్లా చాలావరకు ఖాళీ అవుతుంది. కొవ్వును వేగంగా కరిగించి వాడుకునే ఏర్పాటు మాత్రం శరీరంలో ఇంకా పూర్తిగా సిద్ధం కాదు. ఈ మధ్యకాలంలోనే మనం పరుగు పెట్టమంటాము. పరుగు, బరువులు గబగబా ఎత్తడం, మెట్లు ఎగబాకడం లాంటివన్నీ గల్లా డబ్బుతో నడిచే పనులు. నెమ్మదైన నడక మాత్రం చాలావరకు కొవ్వుతో నడుస్తుంది. అందుకే ఈ వారాల్లో నడవగలిగినవాడు కూడా పరుగెత్తలేకపోతాడు.

దీన్ని పరీక్షించి చూసినవారున్నారు. స్టీఫెన్ ఫిన్నీ, ఆయన సహచరులు 1980లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆరుగురు లావుపాటి వ్యక్తులను ఆరు వారాలపాటు పిండిపదార్థం దాదాపు లేని, ప్రోటీన్ మాత్రమే అందే కఠిన ఆహారంలో ఉంచారు. ట్రెడ్‌మిల్ మీద అలసిపోయేదాకా నడిపించి చూశారు. డైట్‌కు ముందు సగటున 168 నిమిషాలు నడవగలిగినవారు వారం రోజుల తరువాత 130 నిమిషాలకే ఆగిపోయారు. ఆరు వారాలు పూర్తయ్యాక అదే మనుషులు 249 నిమిషాలు నడిచారు, అదీ తగ్గిన బరువుకు సమానమైన భారాన్ని వీపున మోస్తూ. ఆరుగురి మీద చేసిన చిన్న పరీక్షే అయినా అందులోని దారి మాత్రం స్పష్టం. శక్తి ముందు పడిపోయింది, తరువాత తిరిగి వచ్చింది. మొదటి వారం చూసి "నాకు బలం పోయింది" అని తీర్పు ఇచ్చుకోవడం తొందరపాటు.

తగ్గింది కొవ్వా, నీళ్లా?

తొలి వారంలో రెండు మూడు కిలోలు తగ్గడం చూసి అందరూ మురిసిపోతారు. ఆ ఆనందాన్ని పాడుచేయాలని కాదు గానీ, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. గ్లైకోజెన్ ఖర్చయితే ఆ నీరూ పోతుంది. పైగా పిండిపదార్థం తగ్గగానే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపుతాయి, ఉప్పు వెంట మళ్లీ నీరు. కాబట్టి తొలి వారం తగ్గిన బరువులో పెద్ద భాగం నీరే.

తలనొప్పి, నీరసం, కళ్లు బైర్లు కమ్మడం, పిక్కలు పట్టేయడం, వీటిలో చాలావాటికి మూలం ఈ ఉప్పూ నీళ్ల నష్టమే. సజ్దా నుంచి లేచి నిలబడేటప్పుడు కళ్లముందు చీకటి కమ్మితే, అది రక్తపోటు ఒక్కసారిగా పడిపోతోందన్న సూచన. ఆ స్థితిలో జిమ్‌లో గంటసేపు చెమట పట్టించుకుంటే మిగిలిన ఉప్పు కూడా పోతుంది. మే నెల ఎండల్లో మరీ ప్రమాదం. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు లేనివారు రోజూ ఒక కప్పు ఉప్పు వేసిన యఖ్నీ తాగితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. మేక ఎముకలతో ఇంట్లో కాచిన పలుచటి యఖ్నీ చాలు, మార్కెట్‌లో అమ్మే రంగు రంగుల పొడులు అక్కర్లేదు. ఆ జబ్బులు ఉన్నవారు ఉప్పు విషయంలో డాక్టరు చెప్పింది తప్ప ఎవరు చెప్పిందీ వినకూడదు, మేము చెప్పింది కూడా.

రోజా ఉండే అలవాటున్నవారు "మాకు ఆకలి కొత్తా?" అంటుంటారు. ఆకలి కొత్త కాదు, నిజమే. కానీ రోజాలో ఇఫ్తార్‌కు ఖర్జూరం, పండ్లు, అన్నం అన్నీ ఉంటాయి, రాత్రికి గల్లా మళ్లీ నిండుతుంది. డైట్‌లో వారాల తరబడి నిండదు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

అయితే ఏం చేయాలి?

నడవాలి. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగంతో రోజుకు 20 నుంచి 30 నిమిషాలు. ఒకేసారి కాకపోతే మూడు పూటలా పది పది నిమిషాలు. పార్కుకు వెళ్లే వీలు లేని మన ఇంటి ఆడవారు డాబా మీద నడిచినా అంతే ఫలితం. ఇదివరకే క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారు ఈ రెండు మూడు వారాలు తాము చేసేదాన్ని సగానికి తగ్గించుకుంటే మంచిది. పరుగు, క్రికెట్, షటిల్ పందేలు నాలుగో వారం తరువాత చూసుకోవచ్చు.

నడక కన్నా మేము గట్టిగా చెప్పేది మరొకటుంది, అది కండ బలం. తక్కువ తిని బరువు తగ్గినప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు, సాధారణంగా తగ్గిన బరువులో నాలుగో వంతు దాకా కండ, ఇతర కణజాలం ఉంటుంది. యాభై దాటినవారికి పోయిన కండ తిరిగి రావడం కష్టం. దాన్ని కాపాడేవి రెండే: తగినంత ప్రోటీన్, కండరాలకు కాస్త పని. వారంలో రెండు మూడు రోజులు, 15 నిమిషాలు చాలు. కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టడం పదిసార్లు, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం పదిసార్లు. ఊపిరి బిగబట్టకూడదు. ఇంతకు మించి బరువులు ఎత్తించే కోచ్ ఎవరైనా ఉంటే, మీరు ఎన్ని రోజులుగా డైట్‌లో ఉన్నారో ముందు ఆయనకు చెప్పండి. ప్రోటీన్ విషయానికి వస్తే గుడ్డులో 6 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాములకు 25 గ్రాములకు పైగా ఉంటుంది. కిడ్నీ జబ్బు లేనివారికి కిలో శరీర బరువుకు రోజుకు ఒక గ్రాము లెక్కన అందేలా చూసుకోవాలి.

"ఇంత తక్కువ చేస్తే బరువు ఎలా తగ్గుతుంది?" అని అడుగుతారు. ఈ దశలో బరువు తగ్గించేది ప్లేటు, చెప్పులు కాదు. 80 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 క్యాలరీలు. ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు ఆ లెక్క సరిచేసేస్తాయి.

బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పెద్ద అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. డయాబెటిస్ వచ్చి ఆరేళ్లు దాటనివారికి రోజుకు 825 నుంచి 853 క్యాలరీల షేకులు, సూపులు మాత్రమే మూడు నుంచి ఐదు నెలలు ఇచ్చారు. 2017లో తొలి ఏడాది ఫలితాలు వచ్చాయి. ఆ పద్ధతి పాటించిన బృందంలో 46 శాతం మందికి మందులు లేకుండానే డయాబెటిస్ అదుపు స్థాయికి వచ్చింది, మామూలు చికిత్స పొందినవారిలో 4 శాతానికే. మన విషయానికి పనికొచ్చేది ఏమంటే, ఆ కఠిన దశలో వారిని అదనపు వ్యాయామం చేయమనలేదు, రోజువారీ పనులు చేసుకుంటే చాలన్నారు. అడుగులు లెక్కపెట్టే పరికరాలు ఇచ్చింది మామూలు భోజనం మళ్లీ మొదలైన తరువాత. తగ్గిన బరువును నిలబెట్టుకోవడంలో నడక పాత్ర పెద్దదని వారికి తెలుసు, అందుకే దాన్ని సరైన చోట పెట్టారు.

కడుపు మాడ్చుకుని శరీరాన్ని ఎక్కువగా తోలితే ఏమవుతుందో 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ చూపించారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు దాదాపు 1570 క్యాలరీల చొప్పున ఆహారం ఇచ్చి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. వారి బరువు నాలుగో వంతు దాకా తగ్గింది, నిజమే. కానీ చివరికి వారికి మెట్లెక్కడమే గగనమైంది, మనసు దిగాలుపడింది, రోజంతా తిండి ధ్యాసే. శరీరం తన మిగతా కదలికలను తానే తగ్గించుకుంది. పొద్దున గంటసేపు జిమ్‌లో ఒళ్లు హూనం చేసుకుని, మిగతా రోజంతా సోఫాలో పడుకునేవారిలో జరిగేదీ చిన్న ఎత్తున ఇదే.

మందులు వాడేవారికి

ఇదొక్కటీ మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. మన శిబిరాలకు వచ్చేవారిలో సగం మంది చేతిలో షుగర్ మాత్రలో, బీపీ మాత్రలో ఉంటాయి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ వాడుతూ పాత మోతాదుతోనే అన్నం మానేసి వ్యాయామం మొదలుపెడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. 70 కన్నా తగ్గితే వెంటనే గ్లూకోజ్ గానీ చక్కెర నీళ్లు గానీ తీసుకోవాలి, డైట్ అని ఆలోచించకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవారు పిండిపదార్థం పూర్తిగా మానేస్తే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. ఆ సమయంలో షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపించవచ్చు, అందువల్లే అది మోసం చేస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఊపిరి వేగంగా ఆడటం కనిపిస్తే ఆసుపత్రికే. బీపీ మాత్రలు కూడా బరువు తగ్గేకొద్దీ ఎక్కువైపోతాయి. డైరెక్ట్ అధ్యయనంలో షుగర్, బీపీ మాత్రలను మొదటి రోజే ఆపించారు, కానీ అది డాక్టర్ల పర్యవేక్షణలో. మీకు మీరే ఆపుకోమని కాదు, డైట్ మొదలుపెట్టే ముందే మీ డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోమని.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, టైప్ 1 డయాబెటిస్ ఉన్నవారు ఈ కఠిన దశ జోలికి సొంతంగా పోకూడదు. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పడం, స్పృహ తప్పినట్టుండటం ఏ వయసువారికైనా అక్కడికక్కడే ఆగిపోవాల్సిన సూచనలు.

మూడు నాలుగు వారాలు గడిచాక ఒళ్లు తేలికపడుతుంది, నిద్ర కుదురుతుంది, మెట్లెక్కితే మునుపటి ఆయాసం ఉండదు. నడకను వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవడం అప్పుడు మొదలుపెట్టండి. పుల్కా, పప్పు తిరిగి ప్లేటులోకి వచ్చే రోజుకు రోజూ 45 నిమిషాల నడక అలవాటై ఉంటే చాలు. ఈ ఏడాది మన శిబిరాల్లో బరువు, బీపీ, షుగర్ చూసి ఒక కార్డు మీద రాసిచ్చే ఏర్పాటు ఉంది. డైట్ మొదలుపెట్టదలచినవారు ముందు రోజే ఆ కార్డు రాయించుకుని, వాడుతున్న మందుల చీటీ కూడా వెంట తెస్తే డాక్టరుకు పని సులువవుతుంది.