రెండు రోజుల బెజవాడ

నూజివీడు ప్రాంతంలో వేసవి సెలవులు నిజానికి సెలవులు కావు. బంధువులు వస్తారు. వారి వెంట సంచులు వస్తాయి. సంచులు నిండేదాకా వారు కదలరు. ఇది నేను ఫిర్యాదుగా చెప్పటం లేదు. రసాల ఊరిలో కాపురమున్నవానికి ఈ సుంకం తప్పదు. మామిడి సంత సద్దుమణిగి, చివరి బంధువు బస్సెక్కి, బడులు తెరవటానికి ఇంకా వారం రోజులున్నదనగా మాకు నిజమైన సెలవు మొదలవుతుంది. ఆ వారంలో రెండు రోజులు బెజవాడ వెళ్ళి రావటం మా ఇంట ఏటా జరిగే పండుగ.

ఈ సంవత్సరమూ వెళ్ళాము. నేను, నా భార్య, పదేళ్ళ మా అమ్మాయి. బట్టల సంచి ఒకటి, పటమటలోని మా పినతల్లి గారికని చెరుకు రసాల బుట్ట ఒకటి. ఆగిరిపల్లి మీదుగా పోయే దారి నాకు మిక్కిలి ఇష్టం. శోభనాచలం కొండ కనబడుతుంది, ఇరుప్రక్కలా తోటలు, నున్న చేరేసరికి మామిడి లారీలు వరుస తీరి ఉంటాయి, బస్సులోకి పండు వాసన దూసుకొని వస్తుంది. ఆ వాసన ఆగిపోయి పెట్రోలు వాసన తగిలినచోట పట్టణం మొదలయినదని మా అమ్మాయి లెక్క.

బెజవాడలో మేము చేసేవన్నీ అందరూ చేసేవే. గాంధీనగరంలో బాబాయ్ హోటలు ఇడ్లీ తిన్నాము. ఏలూరు రోడ్డులో పుస్తకాల దుకాణాలు చూచాము. లెనిన్ సెంటరులో పాత పుస్తకాల గుట్టల ముందు నేను గంటసేపు కూర్చుంటే, నా భార్య ఆ గంటకు బదులుగా బీసెంటు రోడ్డులో రెండు గంటలు వసూలు చేసినది. సాయంకాలం ప్రకాశం బ్యారేజి మీద నిలబడ్డాము. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడటం, దాని స్థానంలో 1957 నాటికి ఈ బ్యారేజి లేవటం, ఆంధ్రకేసరి పేరు దీనికి పెట్టటం అమ్మాయికి చెప్పాను. ఉపాధ్యాయుని కూతురు కావటం వలన సెలవులలో కూడా పాఠం వినవలసి వచ్చినదని ఆమె ముఖం చెప్పకనే చెప్పినది. కృష్ణ మీద గాలి చల్లగా వీచినది. మనస్సు నిండినది. ఈ మాట దాచను. ఆ సాయంకాలం నేను పూర్తిగా సంతోషంగా ఉన్నాను.

మరునాడు తెల్లవారుజామున, ఎండ ముదరకముందే నదిలో స్నానం చేసి దుర్గమ్మను దర్శించుకోవాలని బయలుదేరాము. బస్ స్టేషను ప్రక్కగా ఘాట్ల వైపు నడుస్తున్నాము. పగలు జనం నడిచే చోటనే ఆ వేళ జనం పడుకొని ఉన్నారు. దుకాణాల మెట్ల మీద, మూసిన షట్టర్ల ముందు, వంతెన నీడన, చెట్టు చుట్టూ కట్టిన గట్టు మీద. కొందరు నిండా దుప్పటి కప్పుకొని, కొందరు చెప్పులు తల క్రింద పెట్టుకొని. చెప్పులు తల క్రింద ఎందుకని మొదట నాకు అర్థం కాలేదు. విడిచిపెడితే తెల్లవారేసరికి ఉండవు. అంతే.

ఇది నేను మొదటిసారి చూచినది కాదు. ఏటా అదే దారిన నడుస్తున్నాను. కాని మా అమ్మాయి ఈసారి ఆగి, ఒక ముసలి జంట దగ్గర ఉన్న సంచిని, మూతకట్టిన బుట్టను చూచి, "నాన్నా, వీళ్ళు కూడా రెండు రోజులకే వచ్చారా?" అని అడిగినది. ఆ బుట్ట మా బుట్ట వంటిదే. నాకు జవాబు తోచలేదు. పాఠం చెప్పటం అలవాటయిన నోరు, ఆ క్షణాన ఊరుకొన్నది.

దర్శనమై తిరిగి వస్తూ లాడ్జిలో ఉన్న బుట్టలో నుంచి ఆరు పండ్లు తీసి, నా భార్య వారికిచ్చి రమ్మన్నది. ముసలాయన పండు చేతిలోకి తీసుకొని తినలేదు. ముచ్చిక దగ్గర వాసన చూచాడు. బొటనవేలితో తడిమాడు.

"నూజివీడు కాయ. ఒక్క రోజు ముందర కోశారు బాబూ. ఇక్కడ జీడి కారింది చూడండి" అన్నాడు.

నేను అక్కడే కూర్చున్నాను.

ఇరవై వేసవులు ఆయన మా తోటలలోనే కాపలా ఉన్నాడట. పూత మీద తోట కౌలుకు తీసుకొన్న వ్యాపారి కాపలాకు మనిషిని పెడతాడని మా ప్రాంతపు పిల్లలందరికీ తెలుసు. పూత దిగినది మొదలు ఆఖరి కోత దాకా కాపలా కుటుంబం తోటలోనే ఉంటుంది. తాటాకు పాక, మూడు రాళ్ళ పొయ్యి, కోతులను తోలటానికి ఒక డబ్బా, చిక్కం కట్టిన గెడకర్ర. మిగిలిన నెలలలో పల్లెల వెంట కూలిపని. సొంత ఊరిలోని గుడిసె ఒక వానాకాలం కూలిపోయినది. తిరిగి వేయలేదు, ఎలాగూ సగం సంవత్సరం తోటలోనే కదా అనుకొన్నారు. తరువాత రెండేళ్ళు తామరపురుగు పూతను తినివేసినది. రైతు విసిగి చెట్లు కొట్టించి ఆయిల్ పామ్ వేశాడు. ఆ గెలలను ఎవరూ దొంగిలించరు, కోతులు ముట్టవు. కాపలా అక్కరలేదు. తోటతో పాటు పాకా పోయినది.

"మరి తిండికి?" అని అడిగాను.

"తిండికేం బాబూ, అయిదు రూపాయలకు క్యాంటీనులో అన్నం పెడుతున్నారు. కొండ మీద ప్రసాదం పెడతారు. నేను బస్టాండు దగ్గర మూటలు దింపుతాను. పడుకోవటమే చేతకాదు. రాత్రి నాలుగుసార్లు లేపుతారు. రాత్రి ఉండే ఆశ్రయం ఒకటి ఉందన్నారు, వెళ్ళాం. ఆడవాళ్ళు వేరే చోట అన్నారు. నలభై ఏళ్ళుగా ఇది నన్ను విడిచి పడుకోలేదు." ఇది అన్నప్పుడు ముసలమ్మ తల ప్రక్కకు త్రిప్పుకొన్నది.

ఆయన తన దరిద్రం చెప్పటం లేదు, నిద్ర సంగతి చెబుతున్నాడు. మన జాతికి అన్నం పెట్టటం తెలుసు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవారికి వడ్డించిన కథను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. సత్రాలు కట్టించటమూ మనకు తెలుసు. అయితే సత్రం ఎక్కడికో పోయేవానికి కట్టినది. ఎక్కడికీ పోనివానికి, రేపూ ఇక్కడే ఉండేవానికి మన ధర్మశాస్త్రం ఏ అరుగు చూపినదో నాకు తెలియదు.

నాకు 2011వ సంవత్సరం గుర్తుకు వచ్చినది. పాఠకులలో ఉపాధ్యాయులైన వారికీ గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరి 28 రాత్రి, జనాభా లెక్కల వారిగా మనమే కాగితాలు పట్టుకొని నిరాశ్రయులను లెక్కించాము. రోడ్డు ప్రక్కన, పేవ్‌మెంట్ల మీద, సిమెంటు తూములలో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, గుడి మండపాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవారు ఇల్లు లేనివారని నిర్వచనం. నా వంతుకు ఒక మండపంలో ముగ్గురు దొరికినారు. టార్చిలైటు వేసి లేపి, పేరు అడిగి, వ్రాసుకొని, ఇంటికి పోయి నిద్రపోయాను. ఆ రాత్రి దేశమంతటా తేలిన లెక్క పదిహేడు లక్షల డెబ్బై వేలకు పైన. 2001 కంటె మొత్తం తగ్గినదే, పల్లెలలో తగ్గినది. పట్టణాలలో మాత్రం ఏడు లక్షల డెబ్బై ఎనిమిది వేల నుంచి తొమ్మిది లక్షల ముప్పై ఎనిమిది వేలకు పెరిగినది.

ఆ నిర్వచనం ప్రకారం చూస్తే, తోటలో ఉన్నంతకాలం ఈ ముసలాయన ఇల్లు ఉన్నవాడు. తాటాకు పాక కూడా లెక్కలో ఇల్లే. ఇరవై ఏళ్ళు మేము అతనిని ఇల్లు లేనివాడని అనుకోలేదు. రసాలు తింటూ, ఆ పాక ఎవరిదని కూడా అడుగలేదు. ఆ ఇల్లు పండుతో వచ్చి పండుతో పోయేదని ఇప్పుడు తెలిసినది.

పట్టణాలలో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున, రాత్రింబవళ్ళు తెరచి ఉండేవి కట్టించవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. 2013లో పట్టణ జీవనోపాధి మిషన్‌లో కేంద్ర ప్రభుత్వం మనిషికి యాభై చదరపు అడుగులని కొలత కూడా పెట్టినది. మా లాడ్జి గదిని మనస్సులోనే కొలిచాను. మేము ఊరు తిరుగుతున్నంతసేపు అది తాళం వేసి ఖాళీగా ఉన్నది. ఫిన్లండు దేశంలో 2008 నుంచి వేరొక పద్ధతి పెట్టుకొన్నారు: పని దొరకనీ, మందు మాననీ, అప్పుడు ఇల్లు అని షరతులు పెట్టక, ముందు తాళంచెవి చేతికిచ్చి తక్కినవి తరువాత చూస్తారు. చలిదేశం కనుక వారికి తొందర ఎక్కువ అనవచ్చు. బెజవాడ ఎండ తెలిసినవారు అలా అనరు. పైగా 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇండ్లు మునిగినప్పుడు, సొంత ఇల్లున్నవారే రోడ్లు పట్టినారు. ఇల్లు లేకపోవటం ఏమిటో ఆ ఊరికి నీరు తగ్గేదాకా తెలిసినది.

లేవబోతుంటే ముసలాయన ఒక మాట అడిగాడు. "మాష్టారూ, మీ వైపు ఎవరైనా ఇంకా రసాల తోట ఉంచుకున్నారేమో కనుక్కోండి. పూత వేళకు వస్తాం. జీతం ఎంతైనా సరే. పాక నేనే వేసుకుంటాను."

పినతల్లి గారికి ఆ మధ్యాహ్నం సగం బుట్టే చేరినది. కారణం చెప్పాను, ఆమె మారు మాట్లాడక లోపలికి పోయి ఒక దుప్పటి తెచ్చి ఇచ్చినది. బస్సెక్కే ముందు మళ్ళీ ఆ గట్టు దగ్గరకు వెళ్ళాము. పగటి వేళ అక్కడ సోడా బండి ఉన్నది. వారిద్దరూ లేరు. కొంతసేపు చూచి, దుప్పటి సోడా బండివాని దగ్గర ఉంచి వచ్చాము. ఇస్తాడనే అనుకొంటున్నాను.

ఊరికి వచ్చి నలుగురు రైతులను అడిగాను. ముగ్గురు తోటలు తీసివేసే ఆలోచనలో ఉన్నారు. నాలుగవ ఆయన మాత్రం, పూత బాగా వస్తే మనిషి కావలసినదే, పంపండి అన్నాడు. పూత ఎప్పటివలెనే సంక్రాంతికి వస్తుంది. కబురు పంపవలసినది నేను. కాగితం తీసి విషయమంతా వ్రాశాను. పైన చిరునామా వ్రాయవలసినచోట కలం ఆగినది. ఆయన పేరు కూడా నేను అడుగలేదు. ఈ ఆదివారం మళ్ళీ బెజవాడ బస్సెక్కుతున్నాను.