మాత్ర పడింది, అన్నం పడలేదు

షుగరున్న మనిషికి తెల్లారగట్ల ఒళ్లంతా చెమట పట్టి, మాట ముద్దగా వచ్చి, పిలిస్తే పలక్కపోతే ఇంట్లోవాళ్లకు ముందు తట్టేది పక్షవాతం. కాకపోతే గాలి సోకిందంటారు. షుగరు పడిపోయిందేమోనన్న అనుమానం ఆఖర్న వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం లాంటి ఊళ్లో ఆ ఆలస్యం ఖరీదైనది. ఇక్కడి సామాజిక ఆరోగ్య కేంద్రం దాటితే టెక్కలి, శ్రీకాకుళం, లేదా ఒడిశా సరిహద్దు అవతల పర్లాకిమిడి. అక్కడా కాదంటే విశాఖ కేజీహెచ్, బరంపురం.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. షుగరు పెరుగుతుందన్న భయం అందరికీ ఉంది. గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే లో షుగర్ గురించి చెప్పేవాళ్లే తక్కువ.

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను ఊరిస్తూనే ఉంటాయి. పొద్దున్నే మాత్ర మింగి ఉపాధి పనికో పొలానికో పోయి, చోడి అంబలి ఏ పదకొండింటికో తాగితే ఏమవుతుంది? కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం మానకపోతే? కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మందు, ఇన్సులిన్ ఒంట్లోంచి త్వరగా పోవు. నిరుడు సరిపోయిన మోతాదే ఈ ఏడు ఎక్కువైపోతుంది. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న ఈ జిల్లాలో ఈ మాట ప్రతి షుగరు రోగికీ చెప్పాలి, క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

రీడింగు 70 కన్నా తగ్గి, మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. తెలివి తప్పితే నోట్లో చుక్క కూడా పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక చాలామంది నిమిషాల్లోనే కళ్లు తెరుస్తారు. అక్కడే అసలు చిక్కు. ‘బాగైపోయాడు కదా, ఇంటికి పోదాం’ అని బంధువులు తొందరపెడతారు. ఆ మాత్రల ప్రభావం రోజంతా ఉండొచ్చు, షుగరు మళ్లీ పడిపోవచ్చు. ఉంచమంటే ఉంచాల్సిందే.

దీనికి తలకిందులు ఇంకోటుంది. జ్వరమొచ్చి, వాంతులై, తినలేదు కదా అని ఇన్సులిన్ మానేస్తే ఒంట్లో కీటోన్లు పేరుకుంటాయి. కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. 

ఆరోగ్య కేంద్రాల్లో మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, మంచిదే. ఇన్సులిన్ వాడేవాళ్లకు గ్లూకోమీటరు, స్ట్రిప్పులు కూడా ఇవ్వాలి. ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు మందుల సంచి వెంట తీసుకెళ్లాలి. ‘చిన్న బిళ్ల, పొద్దున్నే వేసుకుంటాడు’ అంటే డ్యూటీ డాక్టరుకు ఏం తెలుస్తుంది? చాలా ఇళ్లలో షీటును కత్తిరించి తెచ్చుకుంటారు. మందు పేరున్న ముక్క దుకాణంలోనే ఉండిపోతుంది. కొనేటప్పుడే ఆ పేరు చీటీ మీద రాయించుకోవాలి.