దడ తగ్గిందని మాత్ర మానేస్తే...

గుండె దడకు ఆస్పత్రిలో రాసిచ్చే చీటీలో సాధారణంగా రెండు రకాల మాత్రలుంటాయి. ఒకటి దడ తగ్గించేది. వేసుకున్న కొద్ది రోజులకే ఆయాసం తగ్గి మనిషికి తేలిగ్గా ఉంటుంది. రెండోది రక్తం గడ్డకట్టకుండా చూసేది. డబ్బు చాలని నెలలో, ఊరు వెళ్ళిన వారంలో, కోతల రోజుల్లో మన పల్లెల్లో ముందుగా మానేసేది ఈ రెండో మాత్రనే. పక్షవాతం రాకుండా కాపలా కాసేది కూడా అదే.

సోంపేట వైపు ఒక రైతు ఇంట్లో జరిగింది ఇదే. ఆయనకు అరవై దాటాయి. గుండె లయ తప్పిందని విశాఖలో చెప్పి రెండు రకాల మాత్రలూ ఇచ్చారు. నాలుగు నెలలు వాడారు. దడ పోయింది, పొలం వెళ్ళి రాగలుగుతున్నారు. ఇంక రెండో మాత్ర ఎందుకని ఆపేశారు. ఐదు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. "ఆ బిల్ల ఏసుకుంటే ఏటీ తెలీదు, ఏసుకోకపోయినా ఏటీ తెలీదు. దండగని మానీసినారు బాబూ" అంటున్నది ఆయన భార్య. ఇప్పుడాయనకు అన్నం కలిపి పెట్టేది ఆమే. మాట కొద్దికొద్దిగా వస్తున్నది.

ఈ జబ్బును డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. పొట్టిగా ఏ.ఎఫ్. గుండెలో పై గదులు రెండు, కింది గదులు రెండు. పై గదులు లయగా ముడుచుకోవడం మాని వణుకుతూ ఉంటాయి. నాడి పట్టుకుని చూస్తే ఒక దెబ్బ దగ్గరగా, ఒకటి దూరంగా, వరస లేకుండా తగులుతుంది. వణికే గదిలో రక్తం పూర్తిగా ముందుకు పోదు, మూలల్లో నిలుస్తుంది. నిలిచిన చోట గడ్డ కడుతుంది. ఆ గడ్డలో ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే ప్రమాదం లేనివారికంటే సుమారు ఐదు రెట్లని వైద్యులు చాలాకాలం క్రితమే తేల్చారు. గడ్డకట్టకుండా చూసే మాత్ర సరిగ్గా వాడితే ఆ ప్రమాదంలో మూడింట రెండు వంతులు తగ్గుతుంది. దడ తగ్గినంత మాత్రాన గడ్డకట్టే గుణం పోదు. చాలామందికి తెలియనిది ఈ ఒక్క ముక్కే.

పట్నాల్లో ఈ జబ్బు ఎక్కువగా పెద్ద వయసులో, బి.పి. ఉన్నవారికి వస్తుంది. పల్లెల్లో ముప్ఫై, నలభై ఏళ్ళ ఆడవాళ్ళలోనూ కనిపిస్తుంది. దానికి మూలం చిన్ననాటి కీళ్ళవాత జ్వరం. గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. కీళ్ళు వాస్తాయి, తగ్గుతాయి. ఇంట్లోవారు మర్చిపోతారు. జబ్బు మాత్రం గుండెలోని కవాటాన్ని పట్టుకుంటుంది. పలాస దగ్గర జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఒకామెకు రెండో కాన్పులో ఆయాసం వస్తే గాని కవాటం సన్నబడిందని తెలియలేదు. ఇలాంటివారికి దడ కూడా తోడైతే పక్షవాతం ప్రమాదం ఐదు రెట్లతో ఆగదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఈమెకు ఇచ్చినది ఎసిట్రాం అనే మాత్ర. వార్ఫరిన్ దీనికి అన్నలాంటిది. రెండూ ఒకే తీరున పనిచేస్తాయి. జనం దీన్ని రక్తం పలచన చేసే మాత్ర అంటారు గాని, నిజానికి రక్తమేమీ నీళ్ళలా పలచబడదు. గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే.

పశువులను మేపేవారికి ఈ మందు పుట్టుక కథ ఆసక్తిగా ఉంటుంది. 1920ల్లో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. అవి తిన్నది బూజు పట్టిన గడ్డి అని తేలింది. 1933లో ఒక రైతు చచ్చిన ఆవును, గడ్డకట్టని రక్తాన్ని క్యానులో పట్టుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడి శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్, ఆయన శిష్యులు కలిసి ఏళ్ళ తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకున్నారు. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకూ మందుగా అనుమతి వచ్చింది. ఈ సంగతి సగం విని భయపడేవారున్నారు. "ఎలకల మందు మనిసికిత్తారేటి?" అని జీడిపప్పు కార్ఖానా ఆమెను తోటి పనివాళ్ళు అడిగారట. ఆమె వారం రోజులు మాత్ర ముట్టలేదు. కొలత ప్రకారం వాడితే మందు, కొలత తప్పితే విషం. అది ఈ ఒక్క మాత్రకే చెందిన సంగతి కాదు.

కొలతే కష్టం

ఆ కొలత చూసేది ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష. మామూలు మనిషికి ఆ అంకె 1 దగ్గర ఉంటుంది. ఈ మాత్ర వాడేవారికి 2కూ 3కూ మధ్య ఉండాలి. కృత్రిమ కవాటం వేసినవారికి, కవాటాన్ని బట్టి, కొంచెం ఎక్కువ ఉండమంటారు. అంకె బాగా తగ్గితే గడ్డ కడుతుంది. బాగా పెరిగితే చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి, కడుపులో రక్తం పోతుంది. మొదట్లో కొద్ది రోజులకొకసారి, అంకె కుదిరాక నెలకొకసారి చూపించుకోవాలి.

చెప్పడం తేలిక. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం 120 కిలోమీటర్లకు పైనే. విశాఖ ఇంకా 100 కిలోమీటర్లు. పరీక్షకయ్యే కొన్ని వందల కంటే బస్సు చార్జీ, తోడు వచ్చిన మనిషి చార్జీ, ఇద్దరికీ పోయిన కూలి ఎక్కువ. అందుకే ఆరు నెలలు, ఏడాది పరీక్ష లేకుండా అదే మోతాదు మింగుతున్నవారు కనిపిస్తారు. బి.పి., షుగరు ఇప్పుడు ఊళ్ళోనే చూస్తున్నారు. వేలి మీద ఒక్క బొట్టు రక్తంతో ఐ.ఎన్.ఆర్. చెప్పే చిన్న యంత్రాలూ ఉన్నాయి. అవి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ చేరితే ఎంతమంది చెయ్యీ కాలూ నిలుస్తాయో అధికారులు ఆలోచించాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో మనదీ ఒకటి. ఆ పథకం కింద ఎందరికో కవాటం ఆపరేషన్లు జరిగాయి. ఇనుము కవాటమని జనం పిలిచే ఆ కృత్రిమ కవాటం వేయించుకున్న ప్రతివారూ బతికినంత కాలం ఈ మాత్ర మింగవలసినవారే. ఆపరేషను ఒక్క రోజుది, మాత్ర రోజూ ఉండేది.

పాతపట్నం వైపు కుర్రవాడొకడు ఈ కష్టాన్ని తనకు చేతనైన తీరులో దాటాడు. కవాటం మార్చాక మద్రాసులో భవన నిర్మాణ పనులకు వెళుతున్నాడు. జేబులో చిన్న పుస్తకం. తారీకు, ఐ.ఎన్.ఆర్. అంకె, వేసుకున్న మోతాదు మూడూ రాసుకుంటాడు. ఎక్కడుంటే అక్కడ పరీక్ష చేయించి, అంకెను ఫోనులో తన డాక్టరుకు చెప్పి మోతాదు అడుగుతాడు. అతనికి ఒకసారి మందుల షాపులో 2 మిల్లీగ్రాముల బదులు 4 మిల్లీగ్రాముల మాత్రలిచ్చారు. పెట్టె అలాగే ఉంది, అంకె ఒక్కటే వేరు. పుస్తకంలో చూసుకున్నాడు కాబట్టి బయటపడ్డాడు.

తిండి సంగతి అందరూ అడుగుతారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది. మునగాకు, పాలకూర, తోటకూర అన్నిటిలోనూ అది ఉంది. అలాగని ఆకుకూరలు పూర్తిగా మానమని కాదు. అవి మానేసి నీరసపడినవారున్నారు. తినేది రోజూ ఒక తీరుగా తినాలి. నెలంతా ముట్టకుండా ఆషాఢంలో మునగాకు వారం రోజులు వరసగా వండుకుంటే అంకె పడిపోతుంది.

ఆకుకూర కంటే ఎక్కువ హాని చేసేది నడుం నొప్పికి వేయించుకునే సూది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరుకు మాత్ర సంగతి చెప్పరు. ఆయనా అడగడు. నొప్పి ఇంజక్షను పడుతుంది. టెక్కలి దగ్గర ఒక ముసలాయనకు సూది వేసిన చోట తొడంతా నల్లగా కమిలి గట్టిపడింది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావానికి దారి తీస్తాయి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ ఐ.ఎన్.ఆర్.ను పెంచుతుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దించేస్తుంది. కొత్త మందు ఏది మొదలుపెట్టినా, ఆపినా, పరీక్ష మళ్ళీ చేయించాలి.

ఆడవాళ్ళు డాక్టరుకు కూడా చెప్పుకోని బాధ ఒకటుంది. ఈ మాత్ర మొదలుపెట్టాక నెలసరి రక్తం ఎక్కువ పోతుంది. సిగ్గుపడి చెప్పరు. మాత్ర మానేస్తారు. జీడిపప్పు కార్ఖానా ఆమె నర్సమ్మ అడిగితే బయటపెట్టింది. మోతాదు సరిచేసి, రక్తం పట్టే మాత్రలిచ్చారు. ఇంకో సంగతి మరీ ముఖ్యం. గర్భం మొదటి నెలల్లో ఈ మాత్ర బిడ్డకు అంగవైకల్యం తేగలదు. అలాగని ఉన్నపళంగా మానితే తల్లికి ప్రమాదం. నెల తప్పిందన్న అనుమానం రాగానే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, పిల్లలు కావాలనుకునేవారు ఇంకా ముందే అడగాలి.

ఉద్దానంలో మరో చిక్కు

దడ తగ్గించే మాత్రల్లో పాతది డిజాక్సిన్. ఇంగ్లాండులో విలియం విథరింగ్ అనే వైద్యుడు 1785లో ఒక పూల మొక్క ఆకును గుండె జబ్బుకు వాడి రాసిన పుస్తకం నుంచి వచ్చిన వరస ఇది. మంచి మందే గాని, మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ నడుమ ఎడం చాలా తక్కువ. మూత్రపిండాల ద్వారా బయటకు పోవాలి. ఉద్దానంలో ఎందరి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పనక్కరలేదు. కవిటి వైపు కొబ్బరి రైతొకాయన ఈ మాత్ర వాడుతుండగా ఆకలి చచ్చిపోయింది, వాంతులు మొదలయ్యాయి. కిడ్నీ జబ్బు ముదిరిందని ఇంట్లో ఏడ్పులు. ఆస్పత్రిలో నాడి చూస్తే నిమిషానికి 44. డిజాక్సిన్ ఒంట్లో పేరుకుపోయింది. ఆపితే కొద్ది రోజులకు అన్నం తిన్నారు. ఈ మాత్ర వాడేవారికి ఆకలి పోయినా, చూపు పసుపుపచ్చగా కనిపించినా, నాడి బాగా నెమ్మదించినా వెంటనే చూపించుకోవాలి.

మెటోప్రొలాల్ వాడేవారు నీరసం, లేచినప్పుడు తల తిరగడం ఉందంటారు. చాలామందికి సర్దుకుంటుంది. దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. అమియోడరోన్ ఇంకా గట్టి మందు. ఎండకు చర్మం కందుతుంది. వజ్రపుకొత్తూరు తీరంలో వేటకు వెళ్ళే ఒకాయన ముఖం నల్లబడి, తలకు తువ్వాలు చుట్టకుండా పడవ ఎక్కలేకపోతున్నారు. థైరాయిడు కూడా చెడవచ్చు. అందుకు అప్పుడప్పుడు రక్త పరీక్ష కావాలి. ఎసిట్రాంతో కలిపి వాడితే ఐ.ఎన్.ఆర్. పెరుగుతుంది.

ఇక కొత్త మాత్రలు. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ అని మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. వీటికి ఐ.ఎన్.ఆర్. అక్కరలేదు, ఆకుకూరల పట్టింపు లేదు. ఒకప్పుడు పేదవాడికి అందేవి కావు. పేటెంటు గడువులు తీరి మన దేశంలోనే చాలా కంపెనీలు తయారుచేయడంతో ధర బాగా తగ్గింది. టెక్కలిలో ఒక రిటైర్డు మాస్టారు పాత మాత్ర నుంచి వీటికి మారి, నెలనెలా బస్సెక్కే పని తప్పిందని సంతోషంగా చెప్పారు. వీటికీ షరతులున్నాయి. ఒక పూట మరిచినా కాపలా త్వరగా పోతుంది. రివరాక్సబాన్ అన్నంతో వేసుకోవాలి. డాబిగాట్రాన్ గొట్టం విప్పి పొడి మింగరాదు. మూత్రపిండాల పరీక్షను బట్టి మోతాదు నిర్ణయించాలి.

మాస్టారి మాట విని పక్కింటావిడ కూడా అవే కావాలని పట్టుబట్టిందట. ఆమెకు కీళ్ళవాతంతో కవాటం బాగా సన్నబడింది. అలాంటివారికి, కృత్రిమ లోహపు కవాటం ఉన్నవారికి ఈ కొత్త మాత్రలు పనికిరావు. కీళ్ళవాతపు గుండె జబ్బుతో దడ ఉన్న 4,500 మందికి పైగా రోగులను 24 దేశాల్లో పరిశీలించి 2022లో ఫలితాలు ప్రకటించారు. మన దేశం వారూ అందులో ఉన్నారు. పాత మాత్ర వాడినవారిలో కంటే రివరాక్సబాన్ వాడినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ధర ఎక్కువ, పేరు కొత్త అయితే మందు మేలైనదని మన జనంలో ఉన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. రెండిటికీ బదులు ఆస్ప్రిన్ చాలునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఈ జబ్బులో గడ్డను ఆపే శక్తి దానికి సరిపోదు.

సోంపేట రైతు ఇంటికి ఆ తెల్లవారుజామున 108 వచ్చినప్పుడు, ఏ మాత్రలు వాడుతున్నారని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. మెదడులో గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. గడ్డకట్టకుండా మాత్ర వాడుతున్నవారికైతే ముందు పరీక్ష చూసి గాని అది ఇవ్వరు. చీటీ వెతకడంలోనే అరగంట పోయింది. ఇప్పుడు కోడలు మాత్రల పేర్లు, మోతాదులు పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు మీద అంటించింది. పదో తరగతి చదువుతున్న మనవడు రోజూ రాత్రి ఎనిమిదింటికి తాతకు మాత్ర ఇచ్చి, పక్కన తారీకు కొడుతున్నాడు.