విషభూముల శుద్ధి: స్థానికులకు శిక్షణ

కోలారు బంగారు గనులను చూచివచ్చిన వారెవ్వరును అచ్చటి దిబ్బలను మరువజాలరు. గనిరాతిని పిండిచేసి, సైనైడు ద్రావణముతో బంగారమును తీసికొన్న పిదప మిగిలిన పొడియే ఆ దిబ్బలు. ఆ గనులపై ఆధారపడి బ్రతికిన వారిలో మన తెలుగు కుటుంబములును అనేకము కలవు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. జీతములు పోయినవి గాని దిబ్బలు పోలేదు. గాలి వీచినప్పుడెల్ల ఆ ధూళి ఇండ్లలోనికి వచ్చుచునే యున్నది.

పరిశ్రమ పోయినను దాని విషము నిలుచును. దానిని శుభ్రపరచు పని ఎవరిది? ఆ పనికి లభించు కూలి ఎవరికి చెందవలెను? ఈ ప్రశ్నలు ఒక్క కోలారునకే పరిమితములు కావు. అమెరికా దేశమున పాడుపడిన పారిశ్రామిక నగరములు పెక్కు ఇవే ప్రశ్నల నెదుర్కొని, కొంత మార్గమును కనుగొన్నవి. ఆ మార్గమును మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులకు వివరింపదలచితిమి.

ఒహాయో రాష్ట్రములోని యంగ్‌స్టౌన్ ఉక్కు నగరము. 1930లో అచ్చట 1,70,000 మంది నివసించిరి. 1977 సెప్టెంబరు 19, సోమవారమునాడు ఒక పెద్ద ఉక్కు కర్మాగారమును మూసివేయనున్నట్లు ప్రకటన వెలువడెను. సుమారు 5,000 మంది జీవనాధారమును కోల్పోయిరి. ఆ దినమును ప్రజలు నేటికిని 'నల్ల సోమవార'మనియే పిలుతురు. తరువాత మరికొన్ని కర్మాగారములును మూతపడినవి. 2020 జనాభా లెక్కల నాటికి ఆ నగరమున మిగిలినవారు 60,000 మంది మాత్రమే.

ఇట్టి నగరములలో ఖాళీగా పడియున్న కర్మాగారపు స్థలములను ఆ దేశమున 'బ్రౌన్‌ఫీల్డు'లందురు. అచ్చటి మట్టిలో సీసము, నూనెలు, కొలిమి మసి మున్నగునవి ఇంకియుండవచ్చును. పాత గోడలపై సీసపు రంగును, గొట్టముల చుట్టును ఆస్బెస్టాసు అను రాతినారయు ఉండును. కొన్నవారిపై శుద్ధి ఖర్చు పడునేమోయని ఎవరును అట్టి స్థలమును కొనరు. బ్యాంకులు అప్పు నీయవు. అందువలన భూమి బీడుగా నుండును, ఊరికి పన్ను రాదు, యువకులకు పని దొరకదు. విషమును తొలగించుటయే ఈ చిక్కుముడిని విప్పుటకు మొదటి మెట్టు.

విషభూములను గూర్చి ఆ దేశము మేల్కొన్నది 1978లో. నయాగరా ఫాల్స్ నగరమున లవ్ కెనాల్ అను పేటలో పాత రసాయనముల గుంటపై ఇండ్లును, బడియు కట్టబడియుండెను. అచ్చటి తల్లులు ఆందోళన చేయగా ప్రభుత్వము బడిని మూసి, కుటుంబములను తరలించెను. 1980లో విషస్థలముల శుద్ధికై శాసనము వెలువడెను. 1986లో దానిని సవరించి, ఆ పనిచేయు వారికి శిక్షణ తప్పనిసరి చేసిరి. అయినను పలుచోట్ల పని బయటి కంపెనీలకు పోయెను. ఏండ్లతరబడి ఆ గాలి పీల్చిన వారు కంచె కివతల నిలిచి చూచుటయే మిగిలెను. ఈ లోపమును సరిదిద్దుటకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1998 నుండి స్థానికులకు శుద్ధిపనులలో శిక్షణ నిచ్చుటకై ధనసహాయము చేయసాగెను. 2002 నాటి శాసనము దానికి స్థిరత్వము కల్పించెను.

ఆ శిక్షణ ఎట్టిది? పార పట్టి మట్టి యెత్తుటకు శిక్షణ యెందుకని కొందరనవచ్చును. కాని ఇది కంటికి కనబడని శత్రువుతో చేయు పని. కలుషిత స్థలమున సాధారణ శుద్ధిపనికి దిగువారు ముందుగా 40 గంటలు పాఠము విని, పిదప మూడు దినములు అనుభవజ్ఞుని పర్యవేక్షణలో పని చేయవలెను. అటుపై ప్రతి సంవత్సరము 8 గంటల పునశ్చరణ కలదు. రాతినారను తొలగించు కార్మికులకు నాలుగు దినముల శిక్షణ వేరుగా నుండును.

పీపాలపై గుర్తులను చదువుట, గాలిని పరీక్షించు యంత్రమును వాడుట, మట్టి నమూనాను కలుషితము కాకుండ సేకరించుట అందు నేర్పుదురు. పాత రంగును పొడిగా గీకరాదు, తడిపి గీకవలెను. లేనిచో సీసపు ధూళి లేచును. రాతినారను తడిపి, గట్టి సంచులలో మూటగట్టవలెను. ముఖమునకు బిగియు ముసుగు ధరించువారు గడ్డము తీసికొనవలెను. వెండ్రుకలున్నచో ముసుగు ముఖమున కంటుకొనక, ఆ సందుననే విషము లోనికి వచ్చును. పని ముగిసిన పిదప తొడుగులను ఏ వరుసలో విప్పవలెనో అదియు ఒక పాఠమే. పనిబట్టలతో ఇంటికి వచ్చి బిడ్డ నెత్తుకొన్నచో, తండ్రి బట్టల ధూళియే బిడ్డకు విషమగును. పిల్లల శరీరములో సీసము ఇంతవరకు ఉండవచ్చునను సురక్షితమైన మోతాదు ఏదియు లేదు. రాతినార వలన కలుగు వ్యాధి పలుమారు ఇరువది, నలువది ఏండ్లకు గాని బయటపడదు. కావున ఈనాటి అజ్ఞానమునకు మూల్యము రేపటి తరము చెల్లించును.

ఈ శిక్షణను కళాశాలలు, నగర పాలక సంస్థలు, సేవాసంఘములు నడుపును. మంచి సంఘములు ముందుగా స్థానిక కంపెనీలను కలిసి, ఏ పనివారు ఎందరు కావలయునో విచారించి, అటుపిమ్మట విద్యార్థులను చేర్చుకొనును. 2024 నాటికి ఈ పథకము క్రింద 21,000కు పైగా శిక్షణ ముగింపగా, 16,000కు పైగా ఉద్యోగములు పొందిరి. అనగా నలుగురిలో ముగ్గురికి పని దొరకినది. నాలుగవ వానిని మరువరాదు. ఒక స్థలము శుద్ధియైన తోడనే అచ్చటి పనియు ముగియును. అందుచేతనే ఒక్క విద్యతో సరిపెట్టక సీసము, రాతినార, భూగర్భ ట్యాంకులు, మురుగునీటి శుద్ధి మున్నగు పలు పనులలో యోగ్యతాపత్రములు సంపాదింపజేయుదురు. పని లేని శిక్షణ వట్టి కాగితము. శిక్షణ లేని పని ప్రాణాపాయము.

మనవంటి అల్పసంఖ్యాక భాషల వారు ముఖ్యముగ గమనింపవలసిన విషయ మొకటి కలదు. అమెరికాలో కష్టమైన పనులకు వచ్చువారిలో ఆంగ్లము రానివారు అనేకులు. 2010లో అచ్చటి కార్మిక భద్రతా సంస్థ, భద్రతా శిక్షణ కార్మికునికి అర్థమగు భాషలో, అర్థమగు మాటలలో ఉండవలెనని స్పష్టపరచెను. అర్థముగాని భాషలో చెప్పి సంతకము పుచ్చుకొన్నంత మాత్రమున శిక్షణ యిచ్చినట్లు కాదు. పీపాపై నున్న హెచ్చరికను చదువలేనివానికి ముసుగు ఒక్కటే రక్ష కాజాలదు. మాతృభాషను కేవలము సాహిత్యముకొరకే కాపాడుకొనుచున్నామని తలచువారు ఈ నియమమును జ్ఞాపకముంచుకొందురు గాక.

తల్లిదండ్రులకు మా మనవి యిది. మన బిడ్డలలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు యంత్రశాలలలో, పారిశుద్ధ్య పనులలో ప్రవేశింతురు. ఏ పనియు తక్కువది కాదు; కాని ఏ పనికైనను తగిన శిక్షణ లేక పంపరాదు. బిడ్డ పనికి పోవునపుడు జీతమెంతయని మాత్రమే అడుగక, "ఏమి నేర్పిరి? ఏ భాషలో నేర్పిరి? ముసుగులు, తొడుగులు ఎవరిత్తురు? బట్టలు ఎక్కడ మార్చుకొందువు?" అనియు అడుగుడు. ఊరిని విషముతో నింపిన పరిశ్రమ తిరిగి రాకపోవచ్చును. దానిని కడుగు పనియైనను, ఆ ఊరి బిడ్డలకే, వారి ప్రాణములకు హాని లేకుండ, దక్కుట న్యాయము.