మూగవోయిన మోటారు

గత మాఘమాసమున ఒక ఆదివారము ఉదయము, ఊరి వెలుపలి బంజరునేలపై, నా మేనల్లుడు తన బొమ్మ జెట్ విమానమును నిలిపి, బ్యాటరీ తగిలించి, చేతనున్న ట్రాన్స్‌మిటరుపై థ్రాటిల్ కడ్డీని పైకి నెట్టెను. తోకయందలి చుక్కాని కుడియెడమల కూగుచున్నది, రెక్కల యంచులు పైకిని క్రిందికిని కదలుచున్నవి, కాని విమానమునకు ప్రాణమైన మోటారు మాత్రము ఉలుకక పలుకక యుండెను. రెండు నిమిషములు కడ్డీతో పెనగులాడి, వాడు నావంక తిరిగి, "మామయ్యా, మోటారు కాలిపోయింది. కొత్తది తెప్పించుకోవాల్సిందే" అని తీర్పు చెప్పివేసెను. కాలిన మోటారునకు ఎనామెలు మాడిన దుర్గంధ మొకటి యుండును. అది ఒకసారి ముక్కున కెక్కినచో మఱపునకు రాదు. ఇచ్చట అట్టి వాసన లేదు.

ఈ విమానములు పేరునకు జెట్లే గాని ఇంధనమును దహించునవి కావు. వీని కడుపులో నొక గొట్టము, ఆ గొట్టములో చిన్న పంఖా, దాని వెనుక మోటారు ఉండును. మావాని పంఖా వ్యాసము 70 మిల్లీమీటర్లు, బ్యాటరీలో 6 లిథియం పాలిమర్ సెల్లులు, ఆ బ్యాటరీపై వ్రాసియుండు వోల్టేజి 22.2, పూర్తిగా చార్జి చేసినపుడు 25.2. ఇంత బలముతో ఆ పంఖా నిమిషమునకు 30 వేల చుట్లకు పైగా తిరుగును గనుక, పరీక్షకు పూనుకొనకముందే విమానమును కదలకుండ కట్టివేయుటయో, పంఖాను ఊడదీయుటయో చేయవలెను. తిరుగని మోటారు ఏ క్షణమున తిరుగునో దానిని బాగుచేయువానికి తెలియదు. వ్రేళ్లు పోగొట్టుకొన్నవారిలో పెక్కుమంది "ఇది తిరుగదులే" అనుకొన్నవారే.

చలింపనిదానిని విడిచి, చలించుచున్న వానినుండి విచారణ మొదలిడుట నా పద్ధతి. ఈ విమానమున చుక్కానులను కదపెడి సర్వోలకును, ఆజ్ఞల నందుకొను రిసీవరునకును కావలసిన 5 వోల్టులను, మోటారు వేగమును శాసించు ఈఎస్సీ యను పరికరమే పెద్ద బ్యాటరీనుండి తగ్గించి యిచ్చును. కావున సర్వోలు కదలుచున్నవన్న, బ్యాటరీయు దాని ప్లగ్గును నిలిచియున్నవి, ట్రాన్స్‌మిటరు మాట రిసీవరునకు చేరుచున్నది, ఈఎస్సీలో సగమైనను సజీవముగా నున్నదని అర్థము. (రిసీవరునకు వేఱు బ్యాటరీ పెట్టు పెద్ద విమానములకు ఈ తర్కము చెల్లదు.) థ్రాటిల్ తీగ తన స్థానమున నున్నదో లేదో చూచితిని, స్పెక్ట్రమ్ రిసీవర్లలో అది ఒకటవ చానెలు, ఫుటాబాలో మూడవది, కంపెనీ మార్చినవారు ఇచ్చటనే పొరపడుదురు. ఆ తీగను తీసి, దాని స్థానమున ఒక సర్వోను తగిలించి కడ్డీని కదపగా సర్వో కదలెను; అనగా ఆజ్ఞ రిసీవరు గుమ్మము దాటి బయటికి వచ్చుచునే యున్నది.

అప్పుడు వానిని, "బ్యాటరీ తగిలించగానే ఏం వినపడింది?" అని యడిగితిని. "ఏదో కుయ్ కుయ్ అంటూనే ఉంది మామయ్యా, ఎప్పుడూ అనేదేగా!" అని వాడు తేలికగా చెప్పెను. ఆ కూత నెవ్వరు కూయుదురో వాడెన్నడును విచారింపలేదు. ఈఎస్సీలో స్పీకరు లేదు. అది మోటారు తీగచుట్టలకే అత్యల్పమైన విద్యుత్తును త్వరత్వరగా ఇచ్చుచు ఆపుచు, ఆ మోటారునే కంపింపజేసి పలికించును. కాలిపోయినదని వాడు తీర్పు చెప్పిన మోటారే, తాను బ్రతికియున్నానని అంతవరకు మొఱపెట్టుకొనుచుండెనన్నమాట!

ఆ మొఱకు అర్థమును కలదు. సాధారణముగా సెల్లుల సంఖ్యకు సరిపడు కూతలు, పిదప నొక దీర్ఘస్వరము వినవచ్చినచో ఈఎస్సీ సిద్ధమైనదని భావము. ఎడతెగని తొందరకూత యైనచో థ్రాటిల్ అట్టడుగున లేదని, అందుచే మోటారును కదలనీయనని ఫిర్యాదు. బ్యాటరీ తగిలించిన తక్షణమే పంఖా గిఱ్ఱున తిరిగి చేయి కోయకుండుటకై చేసిన కట్టడి యిది. మావాడు ట్రాన్స్‌మిటరును సంచిలో కుక్కి తెచ్చుటలో థ్రాటిల్ ట్రిమ్ము, అనగా కడ్డీ స్థానమును సన్నగా సవరించు మీట, కొన్ని మెట్లు పైకి జరిగియుండెను. దానిని దించగానే ఆఱు కూతలును దీర్ఘస్వరమును స్పష్టముగ వినవచ్చెను. ఫుటాబా ట్రాన్స్‌మిటర్లలో థ్రాటిల్ దిశ ఇతరులకు విపరీతముగ నుండుట వలనను ఇదే చిక్కు పుట్టును. అచ్చట కడ్డీ అడుగున నున్నను ఈఎస్సీకి అది శిఖరమున నున్నట్లు తోచును.

కథ యింతటితో ముగియలేదు. కడ్డీని మెల్లగా లేపగా మోటారు వణకి, కీచుమని అఱచి, ఆగిపోయెను. ఈ వణకునకు అర్థము తెలియవలెనన్న మోటారు నడక తెలియవలెను. 1957 జూన్ 30వ తేదీన ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ తన 'రేడియో క్వీన్' అను రేడియో బొమ్మ విమానమును సిల్వర్-జింక్ బ్యాటరీతో ఎగురవేసిననాటి మోటార్లకు బ్రష్షులుండెడివి; రెండు తీగలను బ్యాటరీకి తాకించిన తిరిగెడివి. నేటి మోటారునకు బ్రష్షులు లేవు. చుట్టలు స్థిరముగ నుండ అయస్కాంతము తిరుగును, మూడు తీగలలో ఏ జంటకు ఎప్పుడు విద్యుత్తు నీయవలెనో ఈఎస్సీయే నిర్ణయించును. దీనిని తిన్నగా బ్యాటరీకి తాకించిన తిరుగదు సరిగదా, నిజముగనే కాలిపోవును. అయస్కాంత మెక్కడ నున్నదో ఈఎస్సీకి తెలియుట యెట్లు? తిరుగుచున్న అయస్కాంతము చుట్టలలో పుట్టించు ఎదురు వోల్టేజిని బట్టి. నిలిచియున్న మోటారునందు ఆ వోల్టేజి పుట్టదు గనుక తొలి కొన్ని అడుగులు గ్రుడ్డివాని నడకయే. మూడు తీగలలో ఒకటి తెగినచో ఆ నడక ముందుకు సాగక, ఉన్నచోటనే వణకును.

బ్యాటరీ విప్పి పంఖాను వ్రేలితో త్రిప్పితిని. గొట్టములో గులకరాయి లేదు, రాపిడి లేదు. చుట్టల నిరోధము అత్యల్పము గనుక సామాన్యపు మల్టీమీటరు వాని బాగోగులను చెప్పజాలదు. అందుచే ఈఎస్సీనుండి మోటారును వేఱుచేసి, మూడు తీగలలో రెండేసి కలిపి పట్టి, పంఖాను త్రిప్పి చూచితిని: చుట్టలు బాగున్నచో తనలో పుట్టిన విద్యుత్తే తనకు అడ్డుపడి పంఖా బరువెక్కును, మూడు జంటలయందును ఆ బరువు సమానముగ నుండును. ఒక జంట బరువెక్కెను. మూడవ తీగ చేరిన రెండు జంటలును తేలికగా తిరిగెను. ఆ తీగ కొనను కప్పిన గొట్టపు తొడుగును బ్లేడుతో చీల్చగా, కనెక్టరులో సోల్డరు బూడిదరంగున గరుకుగా, తీగను పట్టీపట్టక యుండెను. కూత కూయుటకు చాలిన స్పర్శ, బరువు మోయుటకు చాలలేదు.

సాయంకాలము సోల్డరింగ్ ఐరన్ బాగుగ కాచి వాడే దాని నతికెను. మఱునాడు విమానము లేచినది. నాలుగు నిమిషములు గడచునంతలో మోటారు గాలిలో ఆగగా వాడు గతుక్కుమనెను. అది బ్యాటరీ వోల్టేజి తగ్గుటచే ఈఎస్సీ మోటారును ఆపి, దిగుటకై సర్వోలకు మాత్రము విద్యుత్తు మిగిల్చిన సందర్భము. విమానము సురక్షితముగనే గడ్డిలో దిగినది.

మూడు దినములకు ఒక పెట్టె వచ్చినది. బంజరులో నేను ట్రిమ్ము సరిచేయుచుండగనే వాడు ఫోనులో కొత్త మోటారు నొకదానిని తెప్పించుకొనుటకు ఆర్డరు పెట్టియుండెనట. అది ఇప్పటికిని విప్పకయే మా అటకమీద నున్నది.