నీళ్ళు చూశావురా?

పోయిన అక్టోబర్‌లో గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున, మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో, రాత్రి 3 గంటలకి మా ఆర్వీలో హీటర్ ఆగిపోయింది. గ్యాస్ నిండుగానే ఉంది. కానీ వేడిగాలిని తోసే ఫ్యాన్ నడిచేది 12 వోల్టుల బ్యాటరీ మీద. అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదు, రాత్రిపూట జెనరేటర్ వెయ్యకూడదు. పాపకి మూడేళ్ళు. ఉన్న దుప్పట్లన్నీ కప్పి, తెల్లారేదాకా మా ఇద్దరి మధ్య పడుకోబెట్టుకున్నాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

బ్యాటరీలు కొని 14 నెలలే. గోల్ఫ్ బండ్లలో వాడే రకం, 6 వోల్టులవి రెండు, సిరీస్‌లో కలిపినవి. ఇంటికొచ్చాక వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను.

"నీళ్ళు చూశావురా?" అన్నారు.

చూడలేదు. మూతలు తీస్తే ప్లేట్లు పైకి తేలి ఉన్నాయి. విజయవాడలో మా ఇంటి ఇన్వర్టర్‌కి ఆయన డిస్టిల్డ్ వాటర్ పోస్తుంటే టార్చిలైటు పట్టుకున్నది నేనే. ఆ తర్వాత ఇంజనీరింగ్ కూడా చదివాను!

నీళ్ళు ఒక్కటే కాదు. అసలు తప్పు, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య బండిని నెలల తరబడి అలాగే వదిలెయ్యడం. అన్ని స్విచ్చులూ ఆపినా గ్యాస్ లీకు అలారం లాంటివి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఫోన్ బ్యాటరీలా సగంలో ఉంటే ఫరవాలేదనుకున్నాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ సగంలో ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ మేరకి అది చచ్చినట్టే. బయల్దేరేముందు రాత్రంతా చార్జింగ్ పెట్టానుగా, మీటర్ ఫుల్ చూపించిందిగా అంటారా? చార్జర్ తీసిన వెంటనే మీటర్ చెప్పేది అబద్ధం. కొన్ని గంటలు ఊరుకోనిచ్చి చూడాలి: 12.6 పైన ఉంటే నిండినట్టు, 12.1 అంటే సగం. సగానికి దిగనివ్వకపోతే ఎక్కువ కాలం మన్నుతాయి.

ఇంకోటి. జెనరేటర్ ఓ గంట వేస్తే నిండిపోదు. చివరి 20 శాతం ఎక్కడానికే గంటలు పడుతుంది. మా పాత చార్జర్ 13.6 దాటేది కాదు. ఇప్పటిది 14.4 దాకా తీసుకెళ్ళి, అక్కడ నిలిపి, నిండాక 13.5కి దిగుతుంది. మిగతాది కప్పు మీది సోలార్ ప్యానెల్ చూసుకుంటుంది. ఇంట్లో ఉన్నప్పుడు బ్యాటరీ వైరు విప్పేస్తాను. నీళ్ళు చార్జింగ్ అయ్యాకే పోస్తాను. ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి బయటికొస్తుంది. ప్లేట్లు తేలి ఉంటే మాత్రం మునిగేంత ముందే పొయ్యాలి. కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. దగ్గర్లో నిప్పు వద్దు, హైడ్రోజన్ వస్తుంది.

లిథియం వేసుకోమని స్నేహితుల పోరు. నీళ్ళ గొడవ ఉండదు, నిజమే. కానీ సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చెయ్యకూడదు, ధర కూడా ఎక్కువ. ఈ కొత్త జత పోయాక చూద్దాం.

మార్చిలో మళ్ళీ అక్కడికే వెళ్ళాం. రాత్రి 3కి మెలకువ వచ్చింది. ఫ్యాన్ తిరుగుతోంది, మీటర్ 12.3. పాప దుప్పటి తన్నేసి పడుకుంది.