ఆదిత్యోపాసన – నేత్రరక్షణ

ప్రాతఃకాలంలో సూర్యభగవానునకు అర్ఘ్యం సమర్పించేవారిలో కొందరు, రెప్ప వాల్చకుండా సూర్యబింబాన్ని చూడటమే భక్తికి నిదర్శనమని భావిస్తున్నారు. అలా చూస్తే దృష్టి పెరుగుతుందని బోధించేవారూ ఉన్నారు. ఈ మాట శాస్త్రసమ్మతమూ కాదు, వైద్యసమ్మతమూ కాదు.

మనుస్మృతి నాల్గవ అధ్యాయంలో స్నాతకధర్మాలను చెప్పే సందర్భంలో ఐదు స్థితులలో సూర్యుని చూడరాదని నిషేధం ఉన్నది. ఉదయించేటప్పుడు, అస్తమించేటప్పుడు, గ్రహణగ్రస్తుడైనప్పుడు, నీటిలో ప్రతిబింబించినప్పుడు, నడిమింట వెలిగేటప్పుడు చూడరాదు.

మాధ్యాహ్నిక సంధ్యలో సూర్యావలోకనం విహితమే కదా అని సందేహం కలుగవచ్చును. అక్కడ వ్రేళ్లను జాలకంగా పట్టి చూసే ఆచారం ఉన్నది. అయితే వ్రేళ్ల సందులు కిరణాలను వడగట్టవు. ముద్ర పట్టి, దృష్టిని బింబానికి బాగా క్రిందుగా నిలిపి, సవితృమండలాన్ని మనస్సులో ధ్యానిస్తే ఉపాసనకు లోపం రాదని నా అభిప్రాయం. అరసవల్లిలో మార్చి, అక్టోబరు మాసాలలో కొన్ని దినాలు ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. అక్కడ భక్తులు ఆ వెలుగులో స్వామిని దర్శిస్తారే గాని, సూర్యబింబం వైపు తేరిపార చూడరు.

ఈ నిషేధానికి కారణం సులభంగా బోధపడుతుంది. భూతద్దం ఎండను ఒక బిందువుపై కేంద్రీకరించి కాగితాన్ని కాల్చినట్లే, కంటిలోని కటకం సూర్యకాంతిని లోపలి నేత్రపటలంపై కేంద్రీకరిస్తుంది. ఆ పటలానికి నొప్పి తెలియదు. అందుచేత గాయమైన సంగతి అప్పటికప్పుడు తెలియక, కొన్ని గంటల తరువాత చూపు నడుమ మచ్చగా బయటపడుతుంది. అది కొందరిలో శాశ్వతంగా నిలిచిపోతుంది.

గ్రహణాన్ని పళ్లెంలో పసుపునీటిలో చూడటం మన ఇళ్లలో వాడుక. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీరు కాంతిలో నూటికి రెండు పాళ్లు, అనగా లక్షకు రెండువేల పాళ్లు ప్రతిఫలింపజేస్తుంది. గ్రహణవీక్షణకు ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణంతో చేసిన అద్దాలు లక్షకు సుమారు మూడు పాళ్లకు మించి పోనివ్వవు. ఈ తారతమ్యం చూస్తే నీటిలోని సూర్యుని కూడా చూడరాదన్న మాటలోని వివేకం తెలుస్తుంది. మసి పూసిన గాజు, పాత ఎక్స్‌రే ఫిల్ము కూడా పనికిరావు. చెట్టు క్రింద ఆకుల సందులగుండా నేలపై పడే నెలవంకల నీడలను చూడటంలో మాత్రం ప్రమాదం లేదు.

సూర్యుని చూడకపోయినా, ఏళ్ల తరబడి ఎండలో ఉంటే కన్నులకు హాని కలుగుతుంది. అతినీలలోహిత కిరణాలవల్ల శుక్లాలు త్వరగా రావచ్చును; తెల్లగుడ్డు నుండి నల్లగుడ్డుపైకి కండపొర ప్రాకవచ్చును. ఇటువంటి పొరలను సుశ్రుతుడు ‘అర్మ’ అని పేర్కొని ఐదు విధాలుగా వర్ణించాడు. నివారణకు గొడుగు, వెడల్పు అంచు గల టోపీ, మంచి చలువ కళ్లద్దాలు ఉత్తమం. అద్దం నల్లగా ఉన్నంత మాత్రాన రక్షణ కాదు. ‘యు.వి. 400’ అని ఉన్నదే తీసుకోవాలి. లేనిచో నల్లదనానికి కనుపాప విప్పారి, హానికర కిరణాలు మరింతగా లోపలికి చొరబడతాయి.

మహాభారతం అనుశాసనిక పర్వంలో, ఎండకు తాళలేకపోయిన రేణుకాదేవి కొరకై సూర్యుడే జమదగ్ని మహర్షికి ఛత్రాన్ని, పాదుకలను ఒసగినట్లు కథ ఉన్నది. తన తాపానికి మరుగు కల్పించినవాడు ఆ భాస్కరుడే! గొడుగు పట్టడం ఆయనకు అపచారం కాదు.

కనుక దాతలకు ఒక మనవి. 1578లో కట్టిన మన పురానాపూల్ వంతెన పరిసరాలలో పగలంతా ఎండలో కూర్చుండి కూరలు, పూలు అమ్ముకొనేవారికి వైశాఖంలో ఛత్రదానం చేయండి. చూపు మసకబారినవారిని మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ నేత్ర వైద్యశాలకు తీసుకొని వెళ్లండి. లోకచక్షువైన ఆదిత్యునకు అది ప్రీతికరమైన అర్ఘ్యం.